పోటుతో వెనక్కొచ్చిన నీళ్ళు

మా మావయ్య గునపం పట్టుకెళ్ళి మా అన్నయ్య రొయ్యల చెరువు గట్టు తవ్వేస్తున్నాడని వదిన ఫోను చేసేసరికి నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి లెక్కల పాఠం చెప్తున్నాను. వదిన మాటల కన్నా వెనక అరుపులే ఎక్కువ వినిపించాయి. "నువ్వు రావాలమ్మా, ఇద్దర్లో ఒకళ్ళు పోయేలా ఉన్నారు" అంది. ప్రిన్సిపాల్ గారికి చెప్పి రాజోలు బస్సెక్కాను. అక్కణ్ణించి ఆటోలో ఊరు చేరేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

గట్టు కింద బురదలో మావయ్య ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. మెడ కింది ఎముక విరిగి, చర్మాన్ని లోపల్నించి పైకి నెడుతోంది. నోట్లోంచి మాట రావడం లేదు, బుసలు మాత్రం వస్తున్నాయి. అన్నయ్య చెరువులో గాలి కలిపే ఏరేటర్ ఇనప కడ్డీ చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. వాడి నుదురు చీలి నెత్తురు కంట్లోకి కారుతోంది. తుడుచుకోవడం లేదు. తెగిన గట్టులోంచి చెరువు నీళ్ళు హోరుమని, ఊరి మురుగుని సముద్రానికి చేర్చే డ్రెయిన్‌లోకి పోతున్నాయి. బురదలో రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊళ్ళోవాళ్ళు కొందరు వీళ్ళిద్దర్నీ చూస్తూనే తువ్వాళ్ళలో రొయ్యలు ఏరుకుంటున్నారు.

"నన్ను చంపుతానన్నాడే" అన్నాడు అన్నయ్య నన్ను చూసి. "గునపం ఎత్తేడు నా మీదకి. నేనేం చెయ్యను?"

మావయ్య మా అమ్మ తమ్ముడు. మేం చిన్నప్పుడే నాన్న పోతే మమ్మల్ని తన ఇంటికి తెచ్చుకున్నాడు. అన్నయ్యకి అరక పట్టడం నేర్పింది ఆయనే. నేను గణితంలో పరిశోధన చేస్తానంటే, ఆడపిల్లకి ఎందుకని చర్చిలో పెద్దలు అన్నప్పుడు వాళ్ళతో పోట్లాడి పంపింది ఆయనే. పిల్లల్లేరు. అన్నయ్య తన కొడుకేనని చెప్పుకునేవాడు. ఆ కొడుకు వరి మీద విసుగెత్తి, ఊరి డ్రెయిన్ పక్కన పల్లపు భూమి కౌలుకి తీసుకుని రెండు రొయ్యల చెరువులు తవ్వాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మా ఊరు కాలవకి చివర. పంట కాలవ నీళ్ళు అందని రోజుల్లో రైతులు డ్రెయిన్‌లోంచి ఇంజనుతో తోడుకుంటారు. ఆ ఏడు మావయ్య అలాగే తోడి నారుమడికి పెట్టాడు. నారు కొసలు ఎర్రబడి మాడిపోయింది. రొయ్యల చెరువులోంచి ఉప్పునీళ్ళు వదిలి నా మడి కాల్చేడని మావయ్య గునపం ఎత్తాడు.

ఆసుపత్రిలో ఎముకకి కట్టు కట్టారు. పోలీసులు వచ్చి ఇద్దరి మాటలూ రాసుకున్నారు. మంచం పక్కన కూర్చున్న నాతో మావయ్య పళ్ళు బిగించి, "వాడి పీక నులిమి చంపుతాను. చెయ్యి బాగవనీ" అన్నాడు. అత్తయ్య ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి కొరికేశాడు. నెత్తురు రాలేదు గానీ పళ్ళ గుర్తులు పడ్డాయి.

అన్నయ్య వాదన వేరు. "నేను నీళ్ళు వదిలే గొట్టం డ్రెయిన్ వాలుకి కింద ఉంది. తోడుకునే గొట్టం పైన ఉంది. వదిలిన నీళ్ళు సముద్రంలోకి పోతాయి. అమావాస్య పోటుకి సముద్రమే ఎదురు తన్నింది. డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఎదురు నీళ్ళని ఆపే తూము తలుపులు తుప్పు పట్టి ఊడిపోయేయి, ఎవడూ బాగు చెయ్యడు. మావయ్య వెళ్ళి సముద్రాన్ని తవ్వమను."

నిజానికి ఇద్దరి మాటా కొట్టిపారెయ్యలేనిదే. ఉప్పు రెండు వైపుల్నించీ రాగలదు. ఉప్పుని రుచి చూస్తే అది ఎవరిదో చెప్పదు.

చర్చి ఆవరణలో పెద్దలు కూర్చున్నప్పుడు రెండు పక్షాల కుర్రాళ్ళు కర్రలతోనే వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగానే వెనక ఒకడు ఇంకొకణ్ణి తన్నాడు. బెంచీలు పడిపోయాయి. పెద్దావిడ ఒకామె తొక్కిసలాటలో కింద పడి పళ్ళు ఊడగొట్టుకుంది. ఆ గోలలో నేను లేచి, "నీళ్ళు ఎటుపోయాయో లెక్క కట్టొచ్చండి. నేను కడతాను. అప్పటిదాకా ఎవరూ చెయ్యెత్తొద్దు" అన్నాను.

"లెక్క కట్టడమేటమ్మా? నీళ్ళకి లెక్కేటి?" అన్నాడు ఒక పెద్దాయన.

చెప్పాను. నేను పరిశోధన చేసింది దాని మీదే. పారే నీళ్ళలో ఒక పదార్థం కలిస్తే దానికి మూడు జరుగుతాయి. ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది. పోతూ పోతూ చుట్టూ పలచబడుతుంది. దారిలో ఇంకొకదానితో కలిసి మారిపోతుంది. ఉప్పు మారదు. కానీ రొయ్యల చెరువు నీళ్ళలో అమ్మోనియా ఉంటుంది. సముద్రం నీళ్ళలో ఉండదనే చెప్పాలి. ఆ అమ్మోనియాని డ్రెయిన్‌లో సూక్ష్మజీవులు తింటూ ఉంటాయి, తినేటప్పుడు నీళ్ళలో ప్రాణవాయువు ఖర్చవుతుంది. ఎంత దూరంలో ఎంత అమ్మోనియా మిగిలిందో తెలిస్తే, ఆ నీళ్ళలో చెరువు వాటా ఎంతో వెనక్కి లెక్క కట్టొచ్చు.

పెద్దలకి ఎంత అర్థమైందో నాకు తెలీదు. "ఆయ్, కట్టమ్మా" అన్నారు. కొన్నాళ్ళు వాయిదా దొరికిందని వాళ్ళ ఊరట.

నీళ్ళ సీసాలు నింపడానికి నాతో అత్తయ్య వచ్చింది. డ్రెయిన్ పొడుగునా పోటులో ఒకసారి, పాటులో ఒకసారి పట్టాలి. పోటంటే సముద్రం నీళ్ళు ఎదురెక్కే వేళ. పాటంటే తిరిగి దిగే వేళ. రెండో రోజు, మా అన్నయ్య చెరువులకి అవతల చెరువులున్న ఒకతను ఎదురొచ్చాడు.

"మా చెరువుల పేరు కూడా ఎక్కిస్తావేటి?"

"ఎవరి పేరూ ఎక్కించనండి. నీళ్ళు పరీక్ష చేయిస్తాం అంతే."

అతను సీసాల సంచిని కాలితో డ్రెయిన్‌లోకి తన్నాడు. నేను వంగబోతే జుట్టు పట్టుకుని వెనక్కి లాగి చెంప మీద కొట్టాడు. చెవిలో ఒకటే రొద. కాలు జారి మెడలోతు నల్లటి నీళ్ళలో పడ్డాను. పైకి చూస్తే అత్తయ్య ఇనప బకెట్టుతో అతని మోకాలి మీద కొడుతోంది. ఒక దెబ్బతో ఆగలేదు. అతను కుంటుతూ పారిపోయేదాకా కొట్టింది. తర్వాత బకెట్టు కింద పెట్టి, కొంగు సర్దుకుని, నాకు చెయ్యి అందించింది.

"మళ్ళీ పోటు వచ్చినప్పుడు పట్టుకుందాం లే. సీసాలు ఇంకా ఉన్నాయా?" అంది.

అప్పటిదాకా ఆవిడ ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు.

నీళ్ళు అమలాపురంలో ఒక ఆక్వా ల్యాబులో పరీక్ష చేయించాను. ఉప్పెంత, అమ్మోనియా ఎంత, ప్రాణవాయువు ఎంత అన్నీ వచ్చాయి. డ్రెయిన్‌ని కంప్యూటర్లో చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో ఈ మూడింటి విలువా పెట్టాను. ఇక కాలాన్ని కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ పక్క గడిలోకి ఎంత పోయింది, ఎంత మారింది అని కట్టుకుంటూ పోవాలి.

నా దగ్గరున్నది కాలేజీ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. నీళ్ళ కదలిక నెమ్మది. ప్రాణవాయువు ఖర్చయ్యే పని మాత్రం కొన్నిచోట్ల చాలా వేగం. రెండింటినీ ఒకే కాలపు అడుగుతో నడిపిస్తే, వేగంగా జరిగేదాని కోసం అడుగుని మరీ చిన్నది చెయ్యాలి. అలా చేస్తే ఒక్క రోజు నీళ్ళని కట్టడానికే మిషను వేడెక్కిపోతోంది. అడుగు పెద్దది చేస్తే లెక్క పేలిపోతోంది. ప్రాణవాయువు సున్నా కన్నా కిందికి పోయింది. నీళ్ళలో లేని దానికన్నా తక్కువ ఎలా ఉంటుంది? తర్వాతి అడుగులో అంకెలు తెర పట్టనంత పొడుగు పెరిగాయి.

అందుకని పనిని విడగొట్టాను. ముందు నీళ్ళు మోసుకుపోయేది ఒక్కటే కట్టడం, తర్వాత పలచబడేది, ఆ తర్వాత మార్పు. దేనికి పనికొచ్చే పద్ధతి దానికి. మార్పుని కట్టేటప్పుడు ఇప్పటి విలువని కాక, అడుగు చివర ఉండబోయే విలువనే సమీకరణంలో తెలియనిదిగా పెట్టి విప్పాను. అలా చేస్తే పెద్ద అడుగు వేసినా లెక్క పగలదు. అంతకుముందు రోజంతా పట్టిన పని, క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

ఇంకొకటి మిగిలింది. మోసుకుపోయే లెక్కకి నేను మొదట తేలిక పద్ధతి వాడాను. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో ఆ పక్క గడిని చూసి ముందుకు నెట్టే పద్ధతి. పేలిపోదు. కానీ చెరువులోంచి వదిలిన మురికి ముద్ద కొద్ది దూరం పోయేసరికే నీరుగారి, డ్రెయిన్ అంతా పలచగా పరుచుకుపోయింది. అది చూస్తే చెరువు నీళ్ళ వల్ల ఎవరికీ ఏమీ కాదనిపిస్తుంది. అలాగే చెప్పేస్తే అన్నయ్య సంతోషిస్తాడు కూడా. కానీ ఆ పలచన నీళ్ళు చేసింది కాదు, నా పద్ధతి చేసింది. మేం పట్టిన సీసాల్లో అమ్మోనియా ఒకచోట గుట్టగా, పక్కనే ఏమీ లేకుండా ఉంది. అంచులు చెరిగిపోకుండా నిలబెట్టే మెరుగైన పద్ధతి రాసి మళ్ళీ నడిపాను. ఈసారి లెక్క సీసాలతో కలిసింది.

అప్పుడు నారుమడి మాడిన రోజుని కట్టాను. ఆ రోజు పోటు ఎంతో, అన్నయ్య మనుషులు ఇంజను ఎప్పుడు వేశారో కనుక్కుని పెట్టాను. తేలిందేమిటంటే, మావయ్య తోడుకున్న నీళ్ళలో ఉప్పు ఎక్కువ భాగం సముద్రానిదే. అన్నయ్య చెరువుది దానికి కొంత తోడైంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఈ జవాబు ఇద్దరిలో ఎవరికీ నచ్చదని నాకు అప్పుడే తెలుసు.

తర్వాత ఊరికే, ఇప్పుడు ఏం జరుగుతోందో కూడా చూద్దామని ఆ వారం లెక్క నడిపాను. గట్టు తెగిన చెరువుని అన్నయ్య బాగు చేసుకుంటున్నాడు. అడుగున మిగిలిన నల్లటి నీళ్ళన్నీ ఇంజను పెట్టి డ్రెయిన్‌లోకి తోడేశాడని వదిన చెప్పింది. పాటు వేళ చూసి వదిలాడు, సముద్రంలోకి పోతాయని. తెర మీద ఆ ముద్ద కిందికి కదిలింది. మొగ చేరకుండానే పోటు తిరిగింది. ముద్ద ఆగింది, వెనక్కి నడిచింది. వదిలిన గొట్టాన్ని దాటి పైకి వచ్చి, సరిగ్గా రెండో చెరువుకి నీళ్ళు తోడే గొట్టం ముందు నిలబడింది.

అన్నయ్యకి ఫోను చేస్తే ఎత్తలేదు. వదినకి చేశాను. రెండో చెరువుకి నీళ్ళు తోడొద్దని చెప్పమన్నాను. "నిన్ననే తోడేరు కదే" అంది.

మర్నాడు ఆదివారం. తెల్లారగానే బయల్దేరాను. ఊళ్ళోకి అడుగు పెడుతుండగానే తెలిసింది, రెండో చెరువులో రొయ్యంతా చచ్చిపోయిందని. గట్ల వెంబడి తెల్లగా తేలిందని, మావయ్య మనుషులు చెరువులో మందు కలిపేరని అన్నయ్య కత్తి పట్టుకుని వెళ్ళేడని ఆటో స్టాండులో చెప్పారు. పరుగెత్తాను.

మావయ్య వాకిట్లో అన్నయ్య కేకలు వినిపిస్తున్నాయి. మావయ్యని కట్టు కట్టిన భుజం పట్టుకుని గుమ్మంలోంచి బయటికి ఈడుస్తున్నాడు. మావయ్య అరుపు మనిషి అరుపులా లేదు. అన్నయ్య వెంట వచ్చిన వాళ్ళు ధాన్యం బస్తాలు చీరేస్తున్నారు, పక్కింటివాళ్ళ తులసికోటని కూడా గుద్ది పడగొట్టారు. వంటింటి కిటికీ రెక్క ఊడి వేలాడుతోంది.

"అన్నయ్యా, ఆగు! ఎవరూ మందు కలపలేదు. నువ్వు వదిలిన నీళ్ళే తిరిగొచ్చేయి. పోటుకి వెనక్కొచ్చేయి. నీ గొట్టమే తోడింది!"

వాడు నా వైపు తిరిగి చూశాడు. వినలేదు. విన్నా అర్థం చేసుకునే స్థితిలో లేడు. నన్ను ఎడం చేత్తో తోస్తే అరుగుకి తల కొట్టుకుని కూలబడ్డాను. కుడిచేతిలో కొబ్బరిబొండాలు కొట్టే కత్తి. అది పైకి లేచింది. మావయ్య నేల మీద వెల్లకిలా ఉన్నాడు, ఒక చెయ్యే అడ్డం పెట్టగలడు.

ఇంటి పక్కనుంచి అత్తయ్య కోత కొడవలితో వచ్చింది. లేచిన చేతి మీద, మణికట్టుకి పైన, గడ్డి కోసినంత తేలిగ్గా లాగింది. కత్తి కింద పడింది. అన్నయ్య తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. నెత్తురు చిమ్మి అత్తయ్య మొహం మీద, మావయ్య కట్టు మీద పడింది. అన్నయ్యతో వచ్చినవాళ్ళు వెనక్కి తిరగకుండా పారిపోయారు.

కొడవలి ఇంకా ఎత్తి పట్టుకునే, "ఇంకో అడుగు వెయ్యరా. నిన్ను పెంచిన చెయ్యే ఇది" అంది అత్తయ్య.

అన్నయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పుడు ఆవిడే కొడవలి విసిరేసి, కొంగు చింపి వాడి మోచేతి కింద బిగించి కట్టింది. కడుతూ కడుతూ ఏడ్చింది. ఏడుస్తూనే రెండో చేత్తో వాడి చెంపలు వాయించింది.

కాకినాడ పెద్దాసుపత్రిలో తెగిన నరాలు కుట్టారు. కొన్ని కలవలేదు. స్పృహ బాగా వచ్చాక నేను ల్యాప్‌టాప్ వాడి మంచం మీద పెట్టి చూపించాను. ముద్ద కిందికి పోవడం, ఆగడం, వెనక్కి రావడం. వాడు చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ చూశాడు.

"నిజమేనేటి? నువ్వు ఆయన కోసం అల్లింది కాదు కదా?"

"చెరువు నీళ్ళు పరీక్ష చేయించేను. మందు లేదు. అమ్మోనియా ఉంది, ప్రాణవాయువు లేదు."

"గొట్టం కింద పెట్టేను కదే. పైన తోడుకుని కింద వదిలేను."

"డ్రెయిన్‌కి కింద, పైన ఎప్పుడూ ఒకటే వైపు ఉండవు అన్నయ్యా. పోటు వస్తే మారిపోతాయి."

వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "దాని కోసం మావయ్యని నరకబోయేను" అన్నాడు. గొంతులో దుఃఖం లేదు. కోపమే ఉంది, ఎవరి మీదో తెలియని కోపం. కట్టు కట్టిన చేతిని మంచం ఊచకేసి కొట్టుకున్నాడు. కుట్లు విడిపోయాయి. నర్సు పరుగున వచ్చింది. నేనూ, వదినా మీద పడి పట్టుకోవాల్సి వచ్చింది.

మావయ్యకి కూడా లెక్క చూపించాను. నారుమడి సంగతి దాచలేదు. ఆయన తెరని చూడనే లేదు.

"అంటే వాడి తప్పు సగమేనా?"

"నారుమడి వరకు సగం కూడా కాదు మావయ్యా. సముద్రానిదే ఎక్కువ."

"నా భుజం విరగ్గొట్టింది సముద్రమేనా?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. చాలా నెలలు నాతో మాట్లాడలేదు.

కేసులు రెండూ నడిచాయి. అన్నయ్య మీద ఒకటి, అత్తయ్య మీద ఒకటి. అత్తయ్య కేసు విచారణ రోజున కోర్టుకి ఊళ్ళోంచి ఒకటే ఆటో దొరికింది. నరికినావిడా, నరికించుకున్నవాడూ పక్కపక్కన కూర్చుని వెళ్ళారు. మధ్యలో నేను కూర్చోబోతే, "నువ్వు ముందు కూర్చో, అత్తకి గాలి తగలాలి" అన్నాడు వాడు. గోతుల దగ్గర ఆటో ఎగిరినప్పుడల్లా అత్తయ్య వాడి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది.

బోనులో అన్నయ్యని లాయరు అడిగితే, "బొండం కొడుతుంటే కత్తి జారిందండి. ఎవరూ నరకలేదండి" అన్నాడు. పోలీసులు రాసింది చదివి వినిపించినా అదే మాట. అత్తయ్య కేసు అక్కడితో పోయింది.

వాడి కేసు వచ్చినప్పుడు మావయ్య బోను ఎక్కి, ఒక చెయ్యి పైకెత్తలేక ఇంకో చెయ్యి ఎత్తి వాణ్ణి చూపించాడు. "వీడేనండి కొట్టేడు. ఇనప కడ్డీతో. నేను కింద పడ్డాక కూడా కొట్టేడు."

అన్నయ్య తరఫు లాయరు ఏదో అనబోయాడు. అన్నయ్యే లేచి, "ఆయ్. నేనే కొట్టేనండి. పడ్డాక కూడా కొట్టేను" అన్నాడు.

కొంతకాలం జైల్లో ఉండి వచ్చాడు. చెరువుల కౌలు వదిలేశాడు. ఎడంచేత్తో అన్నం తింటాడు, ఎడంచేత్తో బండి నడుపుతాడు. ఇప్పుడు ఒక ఆక్వా ల్యాబు తరఫున చెరువు చెరువుకీ తిరిగి నీళ్ళ సీసాలు పట్టి తెస్తాడు. వాడు తెచ్చిన అంకెలు నేను నా ప్రోగ్రాములో పెట్టి, నీళ్ళు ఏ వేళ తోడాలో, ఏ వేళ వదలాలో అడిగినవాళ్ళకి చెప్తుంటాను. కొందరు వింటారు. కిందటి వేసవిలో ఒక ఊళ్ళో మా ఇద్దరి మీదా రాళ్ళు వేశారు. నా కనుబొమ మీద కుట్లు పడ్డాయి. మొగ దగ్గర తలుపులు ఈమధ్య కొత్తవి పెట్టారు గానీ, ఒక రెక్క మూసుకోదు.

మావయ్య నాతో మళ్ళీ మాట్లాడింది గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద. చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండా, "వాడి చెయ్యి ఏమాత్రం పనికొస్తోంది?" అని అడిగాడు.

"రెండు వేళ్ళు కదుల్తున్నాయి మావయ్యా."

"నాది భుజం దాటి లేవట్లేదు" అన్నాడు. "వాణ్ణి క్షమించమని మాత్రం నన్ను అడక్కమ్మా. పాస్టరు గారు అడిగేరు, కాదన్నాను."

అడగనన్నాను. అత్తయ్య లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. ఆవిడ వచ్చేదాకా ఇద్దరం మెట్ల మీద ఎండలో నిలబడ్డాం.